పండగపూట ఇంటిల్లిపాదికీ ‘మిస్సమ్మ’

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వైపు బయల్దేరితే దెందులూరు మండలంలో సోమవరప్పాడు అనే ఊరు తగులుతుంది. ఎల్.వి. ప్రసాద్ 1908 జనవరి 17న పుట్టింది అక్కడే. ఏలూరికి వాయవ్యాన నూజివీడు ఉంది. 2022లో జిల్లాలు మళ్లీ విడదీసినప్పుడు ఏలూరు జిల్లాలో చేరిన ఆ ఊరు ఎస్.వి. రంగారావు జన్మస్థలం. ఇక తాడేపల్లిగూడెం రేలంగి వెంకట్రామయ్య స్థిరపడిన చోటు. సినిమాల్లో సంపాదించిన డబ్బుతో ఆయన ‘రేలంగి చిత్రమందిర్’ కట్టించిందీ అక్కడే, 1975 నవంబరులో కన్నుమూసిందీ అక్కడే.

కొల్లేటి చుట్టుపక్కల నేలతో ఇలా ముడిపడిన ఈ ముగ్గురూ కలిసి పనిచేసిన సినిమాల్లో ‘మిస్సమ్మ’ ఒకటి. ప్రసాద్ దర్శకుడు. రంగారావు జమీందారు గోపాలం. రేలంగి దేవయ్య. విజయా ప్రొడక్షన్స్ తరఫున నాగిరెడ్డి, చక్రపాణి తీసిన ఈ సినిమా 1955 జనవరి 12న, సరిగ్గా సంక్రాంతి ముంగిట విడుదలైంది. ఏడు దశాబ్దాలు దాటాయి. పండక్కి ఇంటినిండా మనుషులున్నప్పుడు అందరూ కలిసి చూడటానికి ఒక్క సినిమా చెప్పమంటే ఇప్పటికీ నా నోట మొదట వచ్చే పేరు ఇదే. మన వైపువాళ్లన్న అభిమానం నాకు లేదనను. కానీ అభిమానం ఒక్కటే మూడు గంటలపాటు పదిమందిని ఒకే గదిలో కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టేది పనితనం. ఆ పనితనం ఎలాంటిదో చెప్పడానికే ఈ వ్యాసం.

పండగ ఇంట్లో సినిమా ఎంపిక

మన వైపు సంక్రాంతి ఇల్లు ఎలా ఉంటుందో అందరికీ తెలిసిందే. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, విదేశాల నుంచి పిల్లలు దిగుతారు. కొత్తల్లుడు ఉంటే ఆ సందడే వేరు. తాతయ్యకు చెవి సరిగా వినపడదు. నానమ్మకు తెరమీద ముద్దూముచ్చటా మోతాదు మించితే వంటింట్లో పని గుర్తొస్తుంది. ఇంటర్ చదివే మనవడికి ఫోన్ వదలాలంటే బలమైన కారణం కావాలి. ఎనిమిదేళ్ల మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గానీ గ్రాంథికం అర్థం కాదు. పెద్దల్లుడు చిన్నల్లుడి ముందు మాట జారడు, చిన్నల్లుడు మామగారి ముందు పగలబడి నవ్వడు. వీళ్లందరికీ కలిపి ఒక్క సినిమా కావాలి.

సాధారణంగా జరిగేదేమిటంటే, టీవీలో వచ్చే కొత్త సినిమా ఏదో పెడతారు. పావుగంట గడిచేసరికి ఒక పాట రాగానే పెద్దాయన లేచి వరండాలోకి వెళ్తారు. ఫైటు మొదలవగానే ఆడవాళ్లు సగం మంది కబుర్లలో పడతారు. పిల్లలు పక్క గదిలో కార్టూన్లు పెట్టుకుంటారు. గంటయ్యేసరికి టీవీ ముందు మిగిలేది ఒక్కరో ఇద్దరో. ఏడాదికోసారి కలిసిన మనుషులు మళ్లీ ఎవరి మూలకు వాళ్లు చేరిపోతారు.

కుటుంబ సినిమా అంటే అభ్యంతరకరమైనవి తీసేసిన సినిమా అని చాలామంది అనుకుంటారు. అసభ్యత లేకపోవడం అవసరమే, కానీ దానితోనే సరిపోదు. చెడు లేనంత మాత్రాన సినిమా అందరిదీ అయిపోదు. అందులో ప్రతి వయసువాళ్లకూ చూసుకోవడానికి ఒక మనిషి ఉండాలి. నవ్వించడానికి ఎవరినీ కించపరచకూడదు. కథ ఎక్కడుందో మధ్యలో నీళ్లకోసం లేచి వెళ్లొచ్చినవాడికి కూడా తెలియాలి. చూశాక భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి ఏదైనా మిగలాలి. ఈ నాలుగూ నిలబెట్టిన సినిమాలు తెలుగులో మరీ ఎక్కువ లేవు. ‘మిస్సమ్మ’ వాటిలో ముందు వరసది.

దొంగ అల్లుడికి అసలు మర్యాదలు

కథ క్లుప్తంగా చెప్తాను. మద్రాసులో ఇద్దరు నిరుద్యోగులు. ఒకరు మేరీ అనే క్రైస్తవ యువతి, ఇంకొకరు ఎం.టి. రావు అనే హిందూ యువకుడు. ఇద్దరూ బీఏలు. మేరీ తల్లిదండ్రులు డేవిడ్ అనే మనిషికి బాకీ ఉన్నారు. ఆ బాకీ సాకుతో అతను మేరీని పెళ్లాడాలని వెంటపడుతుంటాడు. ఒక పల్లెటూరి జమీందారు తన బడికి పంతుళ్లు కావాలని ప్రకటన ఇస్తాడు. బీఏ చదివిన భార్యాభర్తలై ఉండాలన్నది షరతు. గత్యంతరం లేక ఇద్దరూ భార్యాభర్తలమని అబద్ధమాడి ఆ ఊరు చేరతారు. జమీందారు గోపాలం దంపతుల పెద్దకూతురు మహాలక్ష్మి చిన్నప్పుడే తప్పిపోయింది. బడికి పెట్టింది ఆ పిల్ల పేరే. వాళ్లు వెతుకుతున్న మహాలక్ష్మి ఆ బడిలో పాఠాలు చెప్పడానికి వచ్చిన మేరీయే.

ఈ కథకు మూలం బెంగాలీలో ఉంది. రవీంద్రనాథ్ మైత్ర రాసిన ‘మన్మొయీ గర్ల్స్ స్కూల్’ ఒక పాయ, శరదిందు బందోపాధ్యాయ రాసిన డిటెక్టివ్ కథ ఇంకో పాయ. బెంగాలీ సాహిత్యాన్ని తెలుగులోకి తెచ్చిన అనుభవం చక్రపాణికి నిండుగా ఉంది. ఆయన ఈ రెండు పాయలనూ కలిపి పేనారు. పేనాక అతుకు కనపడదు. పైగా కథ ఎంత తెలుగుదైపోయిందో చూడండి. బయటి ఊరినుంచి ఒక జంట వస్తుంది. ఇంటి యజమానులు వాళ్లను కూతురూ అల్లుడిలా చూసుకుంటారు. మర్యాదల మీద మర్యాదలు జరుగుతాయి. జరిగిన ప్రతి మర్యాదా ఆ ఇద్దరినీ ఇంకాస్త ఇరకాటంలో పెడుతుంది. గోదావరి జిల్లాల్లో సంక్రాంతికి అల్లుడొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఈ హాస్యానికి ముడిసరుకు సిద్ధంగా ఉంటుంది. మర్యాద చేసేవాళ్ల ఉత్సాహం, పుచ్చుకునేవాడి మొహమాటం మనకు ఎవరూ వివరించక్కర్లేదు.

కథ కట్టుబడిలో ముఖ్యమైన నిర్ణయం ఇంకొకటుంది. రహస్యం ఏదీ ప్రేక్షకుడికి దాచలేదు. వీళ్లు నిజమైన భార్యాభర్తలు కారని మనకు తెలుసు. మేరీయే మహాలక్ష్మి అని తొందరలోనే ఊహకు అందుతుంది. కాబట్టి ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ మీద సినిమా నడవదు. ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు అన్న లెక్క మీద నడుస్తుంది. గోపాలానికి ఏమీ తెలియదు. ఆ ఇద్దరి వెంట ఊరు చేరిన దేవయ్యకు జంట అబద్ధమని తెలుసు. గోపాలం మేనల్లుడు రాజుకు ఏదో ఉందని అనుమానం, కానీ ఆ అనుమానం ఎప్పుడూ పక్కదారిలోనే పరిగెడుతుంది. చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్లకు మాత్రం అన్నీ తెలుసు. తెరమీది పెద్దవాళ్లకంటే తనకే ఎక్కువ తెలుసన్న ఆనందం పిల్లలను కుర్చీలోంచి కదలనివ్వదు. మధ్యలో లేచి వెళ్లొచ్చిన నానమ్మకు కూడా కథ దారి తప్పదు. ఇంతమంది మధ్య చూడటానికి ఇంతకంటే అనువైన నిర్మాణం ఉండదు.

ఇందులో దుర్మార్గుడు లేడన్నది కూడా గమనించాలి. రమణారెడ్డి వేసిన డేవిడ్ ఒక్కడే కాస్త చిరాకు పెట్టే మనిషి. అతన్ని చూసినా కోపం కంటే నవ్వే ముందొస్తుంది. కొట్టుకోవడం లేదు, కన్నీళ్ల వరదల్లేవు. అయినా మూడు గంటలూ కథ బిగువు సడలదు. ఆ బిగువంతా ఇద్దరు మంచి మనుషులకు పొసగకపోవడంలోంచే పుట్టింది.

పాటల్లో దాచిన కథ

పండగ ఇంట్లో పాత సినిమా పెడితే ఎవరో ఒకరు రిమోట్ అందుకుని పాటలు దాటించేస్తారు. ‘మిస్సమ్మ’లో ఆ పని చేస్తే సగం కథ పోతుంది. పింగళి నాగేంద్రరావు సాహిత్యం, సాలూరి రాజేశ్వరరావు సంగీతం. ఒక్కో పాటా కథను ఒక్కో మెట్టు పైకెక్కిస్తుంది.

వెన్నెల్లో చందమామను పిలిచే యుగళగీతం తీసుకుందాం. ఎ.ఎం. రాజా, పి. లీల పాడారు. యుగళగీతం అనగానే ప్రేమించుకునే జంట గుర్తొస్తుంది. ఇక్కడ ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేస్తారు. ఆవిడ మతం ఆవిడదేనట, నా మతం అసలు పడదట అని అతను మొరపెట్టుకుంటాడు. ఇతని మాటలన్నీ బూటకం, నటన బాగా నేర్చాడు అని ఆమె మొరపెట్టుకుంటుంది. ఇక్కడ పింగళి చేసిన చమత్కారం ఒకటుంది. తిట్టుకుంటూనే అతను తనను పతి అనీ, ఆమె తనను సతి అనీ చెప్పుకుంటారు. పెళ్లే కాని ఇద్దరు మనుషులు నిజమైన దంపతుల్లాగా కాపురం కష్టాలు ఏకరువు పెడుతున్నారు. ప్రేమ అన్న మాట పలకకుండానే ఆ పాట వాళ్లకు మనసులో పెళ్లి చేసేసింది. నానమ్మ ఈ పాట వింటూ ముసిముసిగా నవ్వుతుంది, మనవడికి రాగం పట్టుకుంటుంది. ఇద్దరికీ అందేది వేరువేరు, పాట ఒకటే.

ఆ వెన్నెల గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. నలుపు తెలుపుల్లో ఆయన పట్టిన వెన్నెలకు తెలుగువాళ్లలో ఒక పేరే స్థిరపడిపోయింది. మొహాల మీద వెలుగు మెత్తగా పడుతుంది. వెనకాల చీకటి ఉంటుంది గానీ భయపెట్టదు. గదిలో లైట్లు ఆర్పి చూస్తే ఆ తేడా కళ్లకు కడుతుంది. సినిమాలో మరోచోట మేరీ ఒక్కతే వెన్నెలరాజును ఉద్దేశించి పాడుకుంటుంది. తనలో కలిగిన మార్పు తనకే అర్థం కావడం లేదన్న భావం ఆ పాటలో ఉంటుంది. ఒకచోట చందమామ ఫిర్యాదులు వినే పెద్దమనిషి, ఇంకోచోట రహస్యం చెప్పుకునే నేస్తం. ఒకే చందమామకు రెండు ఉద్యోగాలిచ్చారు. ఈ నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జూలై నుంచి పిల్లల కోసం ‘చందమామ’ పత్రిక నడిపినవాళ్లని గుర్తుచేసుకుంటే ఆ చల్లదనం ఎక్కడిదో తెలుస్తుంది. పిల్లలకు అర్థమయ్యేలా రాయడం, పెద్దలు చదివినా చిన్నతనంగా అనిపించకుండా రాయడం ఆ పత్రిక పట్టిన వ్రతం. అదే వ్రతం సినిమాకూ పట్టారు.

ఇంకో జత పాటలున్నాయి. ఒకే బాణీలో రెండు పాటలు. మొదటిది మేరీది. మగవాళ్లకు ఆడవాళ్లు ఎప్పుడూ ఎడంగా మసలుకోవాలని జమీందారు చిన్నకూతురు సీతకు బుద్ధి చెప్తుంది. రెండోది రావుది. అదే వరసలో మాటలు మార్చి జవాబు చెప్తాడు. ఆ జవాబు చూడండి. యువతులు పుట్టిందే యువకులను శాసించడానికి అంటాడు. ఆమె వాదాన్ని ఖండిస్తూనే ఆమెను ఇంకా ఎత్తైన పీట మీద కూర్చోబెట్టాడు. వెక్కిరింత ఉంది, అగౌరవం లేదు. 1955లో ఒక కథానాయకుడు చదువుకున్న అమ్మాయిని ఆటపట్టించిన తీరు ఇది. ఇంట్లో పెళ్లీడు కుర్రాళ్లుంటే ఈ రెండు పాటలూ శ్రద్ధగా చూడమని చెప్పండి.

బృందావనం పాటదీ అదే పద్ధతి. రావు సీతకు సంగీతం నేర్పుతుంటాడు. నేర్పే పాటలో రాధకు ఎందుకింత అసూయ అన్న ప్రశ్న ఉంటుంది. పాడేది సీతతో, తగిలేది మేరీకి. సంగీత పాఠం, పౌరాణిక ప్రస్తావన, ప్రేమకథలో మలుపు మూడూ ఒక్క పాటలో సర్దారు. రావును ఇంట్లోంచి పొమ్మనాలనుకున్న మేరీ మనసు ఎప్పుడు ఎటు తిరిగిందో సంభాషణల్లో వెతికితే దొరకదు. పాటల్లో దొరుకుతుంది. ఇందులోనే ఆడవాళ్ల మాటలకు అర్థాలు వేరంటూ రావు పాడే పాటొకటుంది. 2007లో వెంకటేశ్, త్రిష నటించిన సినిమాకు ఆ పాటలోంచే పేరు తీసుకున్నారు. కాబట్టి కొత్తతరం ఈ పాటల గుమ్మంలోనే ఉంది, ఇంట్లోకి పిలవడమే మిగిలింది.

మనుషులను మలిచిన తీరు

గోపాలంగా రంగారావు. 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడై పిల్లలను హడలగొట్టిన మనిషి, 1957లో ‘మాయాబజార్’లో ఘటోత్కచుడై తెరంతా నిండిన మనిషి. ఆ రెండింటి మధ్య ఈ గోపాలం. ఇక్కడ ఆ గంభీర కంఠాన్ని ఎంత తగ్గించారో, ఆ నిండు విగ్రహాన్ని ఎంత మెత్తబరిచారో చూడాలి. ఊరికి పెద్ద, జమీందారు, అయినా ఇంట్లో అమాయకంగా అందరినీ నమ్మే తండ్రి. పక్కన భార్యగా ఋష్యేంద్రమణి. పోయిన కూతురి లోటు ఆ ఇద్దరి ప్రతి పలకరింపులోనూ ఉంటుంది, కానీ ఏడుపు మాత్రం పైకి రాదు. వయసులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రంగారావు 1918లో పుట్టారు, రావు పాత్ర వేసిన ఎన్.టి. రామారావు 1923లో పుట్టారు. అంటే మామగారి వరస మనిషి అల్లుడి వరస మనిషికంటే అయిదేళ్లే పెద్ద. ఆ సంగతి తెరమీద ఒక్క క్షణం కూడా గుర్తురాదు.

రేలంగి దేవయ్యది చిన్న పాత్రలా కనపడే పెద్ద పాత్ర. అడుక్కుంటూ కనపడి, ఆ జంట వెంట పల్లెటూరు చేరి, వాళ్ల అబద్ధానికి కాపలా కాస్తాడు. ధర్మం చేయమనే పాట ఆయన సొంత గొంతుతోనే పాడారు. రేలంగి నవ్వించేటప్పుడు ఎదుటివాణ్ణి తక్కువ చేయరు. తాను తడబడి నవ్విస్తారు. 1970లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. తాడేపల్లిగూడెంలో పాతతరంవాళ్లను కదిపితే ఆయన గురించి గంటలకొద్దీ చెప్తారు.

అక్కినేని నాగేశ్వరరావు సంగతి మరీ విశేషం. 1953లో ‘దేవదాసు’ చేసి ఊరూరా ఏడిపించారు. ఆ ముద్ర నుంచి బయటపడాలని ఏరికోరి ఈ హాస్యపాత్ర వేశారు. డిటెక్టివ్ రాజు మహాలక్ష్మి కాలి మీది పుట్టుమచ్చ ఆనవాలు పట్టుకుని కేసు తేల్చాలని తిరుగుతుంటాడు. కళ్లెదుటే ఉన్నది కనపడదు, లేనిది కనపడుతుంది. కొల్లేటి అంచున నందివాడ మండలంలో పుట్టిన మనిషి అంత పెద్ద తార అయ్యాక కూడా రెండో కథానాయకుడి పాత్రలో ఇంత హాయిగా ఒదిగిపోవడం చూస్తే గౌరవం పెరుగుతుంది. సీతగా జమున చలాకీతనం ఈ పాత్రకు సరిజోడు.

ఇక సావిత్రి. మేరీ పాత్రకు మొదట భానుమతిని తీసుకుని కొంత చిత్రీకరించారు. చక్రపాణితో అభిప్రాయభేదం వచ్చి ఆమె తప్పుకున్నారు. సీత వేషానికి అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు. సీత వేషం జమునకు వచ్చింది. మేరీ కోపిష్టి. ముక్కుసూటి. డబ్బు అవసరం నెత్తిన ఉన్నా ఎవరికీ తలవంచని మనిషి. అలాంటి పాత్ర ఒక్క మెట్టు జారితే గయ్యాళి అయిపోతుంది. సావిత్రి జారనివ్వలేదు. ఆమె చిరాకు పడుతున్నప్పుడు కూడా ఆ చిరాకుకు కారణం మనకు కనపడుతూనే ఉంటుంది. ఒప్పుకోని చోట బతకాల్సి వచ్చిన ఆడపిల్ల బాధ అది. పెదవి బిగించి కళ్లతో మాట్లాడే విద్య ఆమెకు పూర్తిగా పట్టుబడింది ఈ సినిమాతోనే అని నా నమ్మకం. ఎదురుగా రామారావు కూడా పెద్ద మనసు చేసుకున్నారు. హీరోయిజం అంతా పక్కనపెట్టి, ప్రతి సన్నివేశంలోనూ ఓడిపోతూ నవ్వే యువకుడిగా కనపడతారు.

సోమవరప్పాడు నుంచి వచ్చిన చేయి

ఇంతమందిని ఒక్క తాటి మీద నడిపిన ఎల్.వి. ప్రసాద్ నటన దగ్గర మొదలై దర్శకత్వానికి వచ్చినవారు. ఇల్లు వదిలి బొంబాయి చేరి చిన్నాచితకా పనులు చేశారు. హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’, తమిళ తొలి టాకీ ‘కాళిదాస్’, తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ నటించారు. 1946లో ‘గృహప్రవేశం’తో దర్శకుడయ్యారు. 1949లో ‘మనదేశం’తో ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేశారు. స్వయంగా నటుడు కావడంతో నటుల ఇబ్బంది ఆయనకు తెలుసు. ఏం కావాలో చేసి చూపించేవారు.

‘మిస్సమ్మ’ను ఆయన రెండు భాషల్లో ఒకేసారి తీశారు. తమిళంలో ‘మిస్సియమ్మ’. రామారావు స్థానంలో జెమినీ గణేశన్, నాగేశ్వరరావు స్థానంలో తంగవేలు. సావిత్రి, రంగారావు, జమున రెండింటిలోనూ ఉన్నారు. ఒకే సన్నివేశాన్ని వేర్వేరు జోడీలతో తీస్తూ రెండింటిలోనూ సహజత్వం చెడకుండా చూడటం సామాన్యమైన పని కాదు. 1957లో హిందీలో ‘మిస్ మేరీ’గా మళ్లీ ఆయనే తీశారు. అందులో మీనాకుమారి, కిశోర్ కుమార్ నటించారు. కథ గట్టిది కనకే మూడు భాషల ఇళ్లలోనూ ఇమిడింది.

ఆయన పనిలో నాకు అన్నిటికంటే నచ్చేది తొందరలేనితనం. కెమెరా అనవసరంగా కదలదు. మనుషులు గదిలోకి వస్తారు, కూర్చుంటారు, మాట్లాడతారు, వెళ్తారు. వాకిలి, వరండా, వంటిల్లు ఏవి ఎక్కడున్నాయో మనకూ తెలిసిపోతాయి. కాసేపటికి ఆ ఇల్లు మన ఇల్లే అవుతుంది. కళాదర్శకులు గోఖలే, కళాధర్ వేసిన సెట్ల ఘనత కూడా అందులో ఉంది. ఇప్పటివాళ్లలో ఎక్కువమందికి ఎల్.వి. ప్రసాద్ అంటే హైదరాబాదు కంటి ఆసుపత్రే గుర్తొస్తుంది. ఆయన పేరు అక్కడ ఉండటానికి కారణం ఆయన దాతృత్వం. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న ఆ దర్శకుడు మన దెందులూరు పక్క ఊరివాడని పిల్లలకు చెప్పాల్సింది మనమే.

ఇప్పటి కళ్లతో

మెచ్చుకోవడం అంటే లోపాలు కప్పిపెట్టడం కాదు. సినిమా మొదటినుంచీ ఇద్దరి మతాలు వేరన్న చిక్కుముడిని నిజాయితీగా చూపిస్తుంది. మేరీ ప్రార్థన గీతం ఎంత భక్తిగా వినపడుతుందో, ఆమె పాడే త్యాగరాజ కీర్తన కూడా అంతే భక్తిగా వినపడుతుంది. రెండూ పాడింది పి. లీలే. మేరీని పెంచిన క్రైస్తవ దంపతులను ప్రేమగల తల్లిదండ్రులుగానే చూపించారు. ఎవరి దేవుణ్ణీ ఎగతాళి చేయలేదు. అయితే చివరికి ఆమె పుట్టుక హిందూ ఇంట్లోనని తేలడంతో ఆ చిక్కుముడి దానంతటదే వీడిపోతుంది. అలా తేలకపోయి ఉంటే ఆ ఇద్దరి పెళ్లి మాటేమిటని కాలేజీ పిల్లలు తప్పకుండా అడుగుతారు. అడగనివ్వండి. సినిమా అయ్యాక ఆ ప్రశ్న మీద తాతయ్యా మనవడూ అరగంట మాట్లాడుకుంటే అంతకంటే మంచి పండగ కబురు ఉండదు.

ఎలా చూడాలి, ఇంకేం చూడాలి

భోగి రోజు మంటలతో, తలంట్లతో తెల్లారుతుంది. సంక్రాంతి రోజు పెద్దలకు పెట్టుకోవడం, పిండివంటలు, చుట్టాలు. మగవాళ్లు సగం మంది పందేల వైపు వెళ్తారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ప్రయాణాలుండవు. గారెలూ మాంసం కూరతోనో కొల్లేటి చేపల పులుసుతోనో భోజనాలయ్యాక అందరూ ఇంటిపట్టునే ఉంటారు. ‘మిస్సమ్మ’కు అదే సరైన సమయం. నిడివి సుమారు మూడు గంటలు, కాబట్టి రెండున్నరకు మొదలుపెడితే మధ్యలో టీకి ఒకసారి ఆపినా దీపాలవేళకు పూర్తవుతుంది.

చూసేముందు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. శబ్దం స్పష్టంగా ఉన్న ప్రింటు ముందుగానే వెతికి ఒక పది నిమిషాలు చూసి పెట్టుకోండి, ఎందుకంటే ఈ సినిమాకు ప్రాణం మాటల్లో ఉంది. వినికిడి తక్కువైన పెద్దలను టీవీకి దగ్గరగా కూర్చోబెట్టండి. తెలుగు అంతగా రాని పిల్లలుంటే కథ మొత్తం చెప్పేయకండి, వీళ్లిద్దరూ నిజంగా భార్యాభర్తలు కారు అన్న ఒక్క ముక్క చెవిలో వేస్తే చాలు. నలుపు తెలుపని పిల్లలు మొదట మొహం ముడుచుకుంటారు. రాజు తెరమీదికి వచ్చాక ఆ ముడి విడిపోతుంది.

మిగతా రోజులకూ సినిమాలు కావాలంటే ఇదే కొలతతో ఎంచుకోవచ్చు. ప్రసాద్ తీసిన ‘పెళ్లిచేసి చూడు’ 1952లో వచ్చింది. కట్నం గురించి నవ్వుతూ చెప్పిన గట్టి మాట అది. 1959లో వచ్చిన ‘అప్పుచేసి పప్పుకూడు’ కూడా ఆయనదే. చిన్నపిల్లలు ఎక్కువమంది ఉంటే కె.వి. రెడ్డి ‘మాయాబజార్’కు తిరుగులేదు. రంగుల్లోనే కావాలని పిల్లలు పట్టుబడితే 2010లో రంగులద్దిన ప్రతి కూడా ఉంది. పూర్తిగా రంగుల కాలంలోనిదే కావాలంటే జంధ్యాల ‘అహ నా పెళ్లంట’ చూడండి. 1951 జనవరి 14న నరసాపురంలో పుట్టిన జంధ్యాల కూడా గోదావరి నీళ్లు తాగినవారే. ఏ సినిమా పెట్టినా మీ ఇంట్లో ఉన్న అతి పెద్ద మనిషినీ అతి చిన్న మనిషినీ మనసులో పెట్టుకుని ఎంచండి. ఆ ఇద్దరికీ నచ్చితే మధ్యవాళ్లందరికీ నచ్చినట్టే.

కొత్త సినిమాలు చూడొద్దని నా ఉద్దేశం కాదు. పండక్కి విడుదలైన బొమ్మను హాల్లో చూడటం కూడా పండగలో భాగమే. ఆ సరదా అలాగే సాగనివ్వండి. కానీ ఏడాదికి ఒక్క మధ్యాహ్నం, ఇంట్లో అందరూ ఒక్కచోట కూర్చుని, ఒకే చోట నవ్వే సినిమా ఒకటి ఉండాలి. సోమవరప్పాడు, నూజివీడు, తాడేపల్లిగూడెం పేర్లు ముడిపడిన అలాంటి సినిమా ఒకటి మన దగ్గర ఏడు దశాబ్దాలుగా సిద్ధంగా ఉంది. వచ్చే కనుమకు మీ ఇంట్లో ‘మిస్సమ్మ’ పెట్టండి, పాటలు మాత్రం దాటించకండి.